దాచామంటున్నారు సరే, తీసి చూపండి

ఈ మధ్య రాష్ట్రేతర తెలుగు సంఘాల వార్షికోత్సవాలలో కార్యదర్శి నివేదిక చదువుతుంటే ఒక మాట తప్పకుండా వినిపిస్తోంది. "మన పాత సంచికలు, సభల ఛాయాచిత్రాలు, సభ్యుల పట్టికలు, బడి రికార్డులు అన్నీ కంప్యూటర్‌కు ఎక్కించాం. బ్యాకప్ కూడా తీసి పెట్టాం. ఇక దిగులు లేదు" అని. సభ చప్పట్లు కొడుతుంది. స్కానింగు చేసిన కుర్రవాడికి శాలువా కప్పుతారు. నెల తిరక్కుండా పాత కాగితాలు తూకానికి వెళ్తాయి. ఖాళీ అయిన బీరువాలోకి కొత్త జ్ఞాపికలు చేరతాయి.

బ్యాకప్ తీశామన్న ఆ మాట మీదే నా తగాదా. తీశారు, సంతోషం. దాన్నుంచి ఒక్క ఫైలైనా తిరిగి తీసి, తెరిచి, చదివి చూశారా? చూడకపోతే మీ దగ్గర ఉన్నది బ్యాకప్ కాదు, బ్యాకప్ ఉందన్న నమ్మకం. నమ్మకాన్ని తూకానికి వేసి రికార్డులు తిరిగి తెచ్చుకోలేం.

నాది హోసూరు ప్రాంతం. బతుకుతెరువు బెంగుళూరులో, పాతికేళ్లుగా సర్వర్ల కాపలా. మావైపు రైతు కిందటి ఏటి వేరుసెనగ విత్తనం నేలలో వేసే ముందు వంద గింజలు తీసి తడి గోనెగుడ్డలో చుట్టి నాలుగైదు రోజులు ఉంచుతాడు. ఎన్ని మొలిచాయో లెక్కపెడతాడు. ఎనభై మొలిస్తే ఒక లెక్క, నలభై మొలిస్తే ఇంకో లెక్క. విత్తనం గాదెలో ఉన్నంత మాత్రాన మొలుస్తుందని ఏ రైతూ అనుకోడు. అక్షరం చదవని తాతకు తెలిసిన ఈ సంగతి, కంప్యూటర్లు కొన్న మన కార్యవర్గాలకు, అంతకంటే పెద్ద పెద్ద కంపెనీలకు కూడా తెలియకపోవడమే వింత.

రోజూ రాత్రి సర్వర్ తెరమీద "బ్యాకప్ విజయవంతం" అని ఒక పంక్తి పడుతుంది. దాని అర్థం చాలామంది అనుకునేది కాదు. ఆ ప్రోగ్రాము తనకు అప్పగించిన పనిని ఫిర్యాదు లేకుండా ముగించిందని మాత్రమే దాని అర్థం. అప్పగించిన పనే తప్పైతే? ఖాళీ ఫోల్డరును రోజూ విజయవంతంగా నకలు తీసే సర్వర్లను నేను చూశాను. డేటాబేసు నడుస్తుండగానే దాని ఫైళ్లను ఉన్నపళంగా కాపీ చేస్తే, సగం నిన్నటిదీ సగం ఇవాళ్టిదీ కలిసిన నకలు వస్తుంది. అదీ విజయవంతమే. తిరిగి ఎక్కిస్తే మాత్రం లేవదు.

ఇంకో రకం ఉంది. ఆదివారం మొత్తం నకలు తీస్తారు. సోమవారం నుంచి ఆ రోజు మారిన ఫైళ్లను మాత్రమే తీస్తారు. స్థలం కలిసొస్తుంది, మంచి పద్ధతే. కాని గురువారం పొద్దున సర్వర్ పడిపోతే ఆదివారం నకలు, దాని మీద సోమ, మంగళ, బుధవారాల నకళ్లు వరసగా పేర్చాలి. మంగళవారంది చెడిందా, ఆ తరవాతివి ఉన్నా నమ్మదగినవి కావు. గొలుసులో ఒక లంకె తెగితే బిందె బావిలోనే. ఆ లంకె తెగిందో లేదో గొలుసు లాగినప్పుడే తెలుస్తుంది.

ఇదంతా చిన్న సంస్థల బీదరికం అనుకునేవారికి ఒక కథ చెప్పాలి. గిట్‌ల్యాబ్ అనే కంపెనీ ఉంది. ప్రపంచంలోని ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాములను దాచుకునే చోటు అది. అంటే దాచడమే వారి వ్యాపారం. 2017 జనవరి 31 రాత్రి వారి డేటాబేసు ఒత్తిడిలో పడింది. అలసిన ఇంజనీరు ఒకరు రెండో సర్వర్‌లో తుడవవలసిన ఫోల్డరును అసలు సర్వర్‌లో తుడిచారు. తప్పు గ్రహించి ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలాయి. పరవాలేదు, బ్యాకప్‌లు ఉన్నాయి కదా అని వెతికారు. ఐదు రకాల ఏర్పాట్లు ఉండేవి. అక్కరకు వచ్చేసరికి ఒక్కటీ సవ్యంగా పనిచేయలేదు. రోజువారీ నకలు తీసే సాధనం 9.2 వెర్షనుది, డేటాబేసు 9.6 వెర్షనుది. రెండూ పొసగక ఆ పని ఎన్నాళ్లుగానో విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లను సంతకం సరిగా లేదని మెయిల్ సర్వర్ తోసిపుచ్చుతోంది. నకళ్లు చేరవలసిన గిడ్డంగి ఖాళీ.

చివరికి ఏం కాపాడింది? ఇంకేదో ప్రయోగం కోసం ఒక ఇంజనీరు ఆరు గంటల ముందు చేత్తో తీసుకున్న నకలు. దాన్ని తిరిగి ఎక్కించడానికి దాదాపు రోజంతా పట్టింది. ఆ ఆరు గంటలలో వాడుకరులు రాసుకున్నవి పోయాయి. ఆ కంపెనీని నేను దెప్పడం లేదు. జరిగినదంతా దాచకుండా లోకానికి చెప్పారు కాబట్టే ఇవాళ మనం పాఠం చెప్పుకోగలుగుతున్నాం. మన సంఘాలలో ఎంతమందికి ఆ ధైర్యం ఉంది?

ఇక ప్రభుత్వాల సంగతి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ఆరు వందలకు పైగా ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. అధికారులు తమ పని కాగితాలు దాచుకునే జి-డ్రైవ్ అనే నిల్వ పూర్తిగా కాలిపోయింది. 858 టెరాబైట్లు. దానికి బయట ఎక్కడా నకలు లేదు. కారణం, మరీ పెద్దది కాబట్టి నకలు తీయడం కుదరలేదట. ఇల్లు మరీ పెద్దది కాబట్టి తాళం వేయలేదన్నట్లుంది. సాంకేతికంగా ప్రపంచానికే పాఠాలు చెప్పే దేశం అది. వారికే అలా జరిగితే, అద్దె గదిలో, ఒక్క పాత డిస్కుతో, కరెంటు కోతల మధ్య నడిచే మన సంఘం సర్వర్ ఏపాటిది?

ఇప్పుడు మనవారి జవాబులు వింటాను.

మొదటి జవాబు: "మా సర్వర్‌లో రెండు డిస్కులు ఉన్నాయండీ. ఒకటి పోతే ఇంకొకటి." మంచిదే, కాని ఆ రెండూ అద్దం, బొమ్మ లాంటివి. మీరు పొరపాటున ఒక ఫైలు తుడిస్తే అదే క్షణంలో రెండోదానిలోనూ తుడిచిపోతుంది. ఆ ఏర్పాటు డిస్కు చెడిపోతే పని ఆగకుండా చూస్తుంది. మనిషి చేసే తప్పు నుంచి, వైరస్ నుంచి, నిప్పు నుంచి కాపాడదు. దాన్ని బ్యాకప్ అనడం, అద్దంలో కనిపించే అన్నాన్ని రెండో కంచం అనడం.

రెండో జవాబు: "అంతా క్లౌడ్‌లో ఉంది." క్లౌడ్ అంటే మేఘం కాదు, ఇంకొకరి కంప్యూటర్. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా కేంద్రం తగలబడినప్పుడు, నకళ్లు కూడా ఆ ఆవరణలోనే ఉన్న ఖాతాదారులు రెండూ పోగొట్టుకున్నారు. మన సంఘాల క్లౌడ్ ఇంకా ముచ్చటైనది. తొంభై పాళ్లు అది కోశాధికారిగారి సొంత ఈమెయిలు ఖాతా. ఆయన కాలం చేస్తే పాస్‌వర్డు ఆయనతోనే వెళ్తుంది. రెండేళ్లు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను, అందులోని సామగ్రితో సహా, తొలగించే విధానాన్ని 2023 డిసెంబరు నుంచి గూగుల్ అమలు చేస్తోంది. మన స్వర్ణోత్సవ సంచికలు అలాంటి ఏ ఖాతాలో ఉన్నాయో ఎవరైనా చూశారా?

మూడో జవాబు: "పదేళ్లుగా ఏమీ కాలేదు." నిజమే. చావు రానంతవరకు అందరూ చిరంజీవులే.

నాలుగో జవాబు ఒక్కటే నేను తలవంచి వినేది. "మేమంతా ఉద్యోగాలు చేసుకుంటూ, ఆదివారాలు ఈ పని చూసేవాళ్లం. డబ్బు లేదు, తీరిక లేదు. పెద్ద కంపెనీలు చేసే పరీక్షలు మేమెలా చేస్తాం?" ఈ కష్టం నాకు తెలుసు. ఒక టెరాబైటు సామగ్రిని సెకనుకు 100 మెగాబిట్ల లైను మీద తిరిగి దించుకోవాలంటే, లైను ఒక్క క్షణం ఆగకపోయినా, 22 గంటలు పడుతుంది. మొత్తం సర్వర్‌ను మళ్లీ నిలబెట్టే పరీక్ష ప్రతి నెలా చేయమని నేను అనను. కాని రైతు గాదెలోని విత్తనమంతా మొలకెత్తించి చూడడు కదా. వంద గింజలు చాలు. మూడు నెలలకొకసారి పది ఫైళ్లు, కళ్లు మూసుకుని ఎంచినవి, వేరే కంప్యూటర్‌లోకి తిరిగి తీసి తెరవడానికి ఒక్క గంట చాలు. కార్యవర్గ సమావేశంలో టిఫిను గురించి చర్చించే సమయం అంతకంటే ఎక్కువే.

ఆ గంట దొరకనప్పుడు ఏమవుతుందో నా కళ్లారా చూశాను. కొన్నేళ్ల కిందట ఒక పట్టణంలోని తెలుగు సంస్థ నన్ను పిలిచింది. పేరు చెప్పి వారిని వీధిలోకి లాగడం నా ఉద్దేశం కాదు. సర్వర్ డిస్కు కాలిపోయింది. "పరవాలేదు, బయట డిస్కులో అంతా ఉంది" అని ధైర్యంగానే ఇచ్చారు. తెరిస్తే సంవత్సరాల వారీగా ఫోల్డర్లు, ఎంతో ముచ్చటగా పేర్లు పెట్టి ఉన్నాయి. లోపల ఒక్కొక్క ఫైలు ఒకటి రెండు కిలోబైట్లు. స్కాన్ చేసిన పుట ఒకటి రెండు కిలోబైట్లలో ఇమడదు. అవి ఫైళ్లు కావు, షార్ట్‌కట్‌లు. అంటే ఫలానా సర్వర్‌లో ఫలానా చోట ఫైలు ఉంది, వెళ్లి చూసుకో అని చెప్పే చిరునామా చీటీలు. ఆ చిరునామాలో ఇల్లు కాలిపోయింది. చీటీలు భద్రంగా ఉన్నాయి. కాగితం ప్రతులు అంతకు రెండేళ్ల ముందే తూకానికి వెళ్లాయి.

ఆ సంస్థ పెద్దాయన ఒకరు ఆ రోజు కుర్చీలో కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. పాత చందాదారుల ఇళ్లకు మనుషుల్ని పంపితే అటకల మీద, ట్రంకుపెట్టెల్లో కొన్ని సంచికలు దొరికాయి. చెదలు తిన్నవి కొన్ని, అట్టలు లేనివి కొన్ని. మిగతావి ఇక లేవు. ఎవరో ఒకరు తమకు తెలియకుండా దాచుకున్నదే చివరికి దిక్కయింది. అదృష్టాన్ని కాపలాకు పెట్టుకునే సంస్థను సంస్థ అనరు.

ఫైలు తిరిగి వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. ఈ సంగతి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 1990లలో, ఆ తరవాత చాలాకాలం మన పత్రికలు పేజ్‌మేకర్‌లో, రకరకాల కంపెనీల తెలుగు ఫాంట్లలో తయారయ్యాయి. ప్రతి ఫాంటుకు దాని సొంత సంకేతాల లెక్క. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా మన డీటీపీ బల్లల దాకా అది రావడానికి ఏళ్లు పట్టింది. ఆ కాలపు ఫైలును ఇవాళ ఏ లోపం లేకుండా తిరిగి తీశారనుకోండి. ఆ ఫాంటు లేకపోతే తెరమీద కనిపించేది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా పోసిన గుప్పెడు. యంత్రం దృష్టిలో ప్రతి అక్షరమూ క్షేమం. పాఠకుడి దృష్టిలో సున్న. అందుకే తిరిగి తీసి చూడమంటే ఫైలు పేరు కనిపించిందా అని కాదు, ఒక పేరా పైకి చదవగలిగారా అని.

దాచడం వేరు, తిరిగి పలికించడం వేరు అన్నది మన సాహిత్యానికి కొత్త కాదు. తాళ్లపాకవారు సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు. అంతకంటే గట్టి బ్యాకప్ ఆ రోజులలో లేదు. రేకులు శతాబ్దాలు నిలిచాయి. అన్నమయ్య రాసినవి 32 వేలని చెబుతారు, దొరికినవి అందులో సగం కూడా లేవు. దొరికినవాటికి రేకు మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు తిరుపతిలో కూర్చుని వాటిలో ఎన్నిటికో కొత్తగా స్వరాలు కట్టవలసి వచ్చింది. అది ఆయన మహోపకారం. కాని అన్నమయ్య పాడిన బాణీ ఏదో మనకు తెలియదు. దాచినవారు ఏది దాచారో అదే మనకు మిగిలింది, దాచనిది దాచనట్లే పోయింది.

సి.పి. బ్రౌన్ చేసిన పని కూడా గుర్తు చేసుకుందాం. ఒక కావ్యానికి ఒక తాటాకు ప్రతి దొరికితే ఆయన చాలనుకోలేదు. నాలుగైదు చోట్ల నుంచి ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, ఒకదానితో ఒకటి పోల్చి చూపించి, శుద్ధప్రతి రాయించారు. ఇవాళ సర్వర్ల పనివాళ్లు నకలునూ అసలునూ అంకెల ముద్రతో సరిపోల్చే పద్ధతికి, ఆ పండితులు చేసినదానికి తేడా సాధనంలోనే గాని బుద్ధిలో లేదు. పోల్చి చూడని ప్రతిని బ్రౌన్ నమ్మలేదు. మనం నమ్ముతున్నాం.

ఇంత గొడవ ఎందుకంటారా? ఆంధ్ర, తెలంగాణలలోని సంస్థ రికార్డులు పోతే ఒక సంస్థ చరిత్ర పోతుంది. బళ్లారిలో, బరంపురంలో, షోలాపూరులో, హోసూరులో, యానాంలో ఉన్న మన రికార్డులు పోతే మనం అక్కడ ఉన్నామనే రుజువే పోతుంది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉంది. 1956లో చేర్చారు. ఆ వసతి అడగాలంటే ఫలానా బడిలో ఫలానా ఏడు ఇంతమంది తెలుగు పిల్లలు చదివారని చూపాలి. తమిళనాడులో 2006 నాటి తమిళ బోధన చట్టం వచ్చాక అల్పసంఖ్యాక భాషల బడులు ఎంత పోరాడవలసి వచ్చిందో మన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. కార్యాలయం మెట్ల మీద నిలబడినప్పుడు మన ఆవేశాన్ని ఎవరూ లెక్కపెట్టరు. ప్రవేశాల రిజిస్టరు చూపమంటారు. "సర్వర్‌లో ఉండేదండీ" అనే జవాబుకు ఏ గుమాస్తా ముద్ర వేయడు.

కాబట్టి సంఘాల పెద్దలకు నా మాట ఇది. తిరిగి తీసి చూసేదాకా ఒక్క కాగితం కూడా తూకానికి వేయకండి. చూశాక కూడా అరుదైనవి వేయకండి. నకళ్లు కనీసం మూడు ఉంచండి, రెండు రకాల సాధనాల మీద. అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. ఒకటి ఏ తీగకూ తగిలించకుండా పెట్టెలో ఉండాలి. తగిలించి ఉన్నదాన్ని సర్వర్‌తోపాటే వైరస్ తాళం వేసుకుపోతుంది. నకలుకు తాళం వేస్తే తాళంచెవిని ఆ సర్వర్‌లోనే పెట్టకండి, ఇద్దరు బాధ్యుల దగ్గర రాతపూర్వకంగా ఉంచండి. తిరిగి తీసేటప్పుడు అసలు ఫైళ్ల మీదికి తీయకండి. చెడిన నకలు మంచి అసలును మింగుతుంది. వేరే యంత్రంలోకి తీసి, చదివి, సరిచూసి, ఆ తరవాత కదపండి. ఆ పని వచ్చినవాడు ఒక్కడే ఉంటే ఇంకొకరికి నేర్పండి. చేసే క్రమాన్ని తెలుగులో ఒక కాగితం మీద రాసి గోడకు తగిలించండి.

పాఠకులకు ఇంకో మాట. వచ్చే వార్షికోత్సవంలో కార్యదర్శి నివేదికలో ఆ మాట మళ్లీ వస్తుంది. చప్పట్లు కొట్టే ముందు లేచి నిలబడండి. మర్యాదగానే అడగండి. "అయ్యా, 1987 ఆగస్టు సంచిక పదకొండో పుట, సర్వర్‌లోంచి కాదు, మీరు దాచిన నకలులోంచి, నా కంప్యూటర్ మీదికి తీసి చూపిస్తారా?" ఏడాది, నెల, పుట మీ ఇష్టం. ముందుగా చెప్పకండి. తీసి చూపితే శాలువా ఆ కుర్రవాడికే కాదు, కార్యవర్గమంతటికీ కప్పుదాం, డబ్బు నేనిస్తాను. చూపలేకపోతే శాలువాలు పక్కన పెట్టి, ఆ సాయంత్రమే, కాగితాలు ఇంకా బీరువాలో ఉండగానే, పని మొదలుపెట్టండి.